ఈతకొలనులో పెద్దరికం

ఈతకొలనులో, రెండు తాళ్ళ నడుమనున్న ఒకే ఇరుకు దారిలో, నలుగురైదుగురు పెద్దవాళ్ళు కలిసి ఈదేటప్పుడు ఎవరు ముందు పోవాలి, ఎవరు ఆగాలి, వెనుకవాడు ముందువాణ్ణి ఎట్లా దాటాలి? వినడానికి ఇది ఒక టపా రాయదగినంత విషయంగా తోచదు. చుక్క నీటికి మొగం వాచిన అనంతపురం సీమవాడు ఈతను గురించి రాయడమేమిటని నవ్వేవారూ ఉంటారు. నవ్వండి, అడ్డులేదు. అయితే మన పెద్దరికం, మన మగతనం, మన కులం మనతోపాటే నీళ్ళలోకి దిగుతాయనీ, వాటిని గట్టున విడిచి దిగడం నేర్పగలిగిన బడి ఈ ఇరుకు దారేననీ నా అభిప్రాయం. అట్లా ఎందుకనుకుంటున్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ముప్పై ఏళ్ళపాటు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన తెలుగు పండితుణ్ణి. మాట తేలకుండా అడుగు ముందుకు పడదు. ఆ దారిని ఇంగ్లీషులో లేన్ అంటారు. మన అలవాటు చొప్పున దానికి ఉత్వం చేర్చి అజంతం చేస్తే "లేను" అవుతుంది. "నేను మూడో లేనులో ఉన్నాను" అంటే ఆ మనిషి ఉన్నట్టా, లేనట్టా? "వరుస" అందామంటే, వరుస అనగానే మనవాళ్ళకు మామలూ బావలూ గుర్తుకొస్తారు. "బాట" ఫరవాలేదు గాని నేల వాసన వస్తుంది. "సాలు" మా రైతుల మాట, చక్కని మాట. కాని సాలు నాగలి గీసినది, నీటికి నప్పదు. నాకు నచ్చినది "పాయ". ఏరు చీలితే పాయ. జడ అల్లేటప్పుడు విడదీసేదీ పాయే. ఒకే నీటిని తాళ్ళతో విడదీసినవి కనుక వీటికి ఆ పేరు తగి ఉన్నదని నా మనవి. ఇకమీద నేను పాయ అంటే అదేనని చదువరులు గ్రహించగలరు.

కొలను సంగతి ఎరగని మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. ఒలింపిక్ కొలను 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. అందులో పది పాయలు, ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల వెడల్పు. ఊళ్ళలో మామూలుగా కనిపించేది 25 మీటర్ల పొడవున్న కొలను. పాయలూ తక్కువే, కొన్నిచోట్ల వెడల్పూ తక్కువే. పాయ అడుగున నట్టనడుమ ఒక నల్లని గీత ఉంటుంది. గోడకు రెండు మీటర్ల ముందే ఆ గీత అడ్డగీతతో ముగుస్తుంది; తల నీళ్ళలో ముంచి ఈదేవాడికి గోడ దగ్గరపడిందని చెప్పే గుర్తు అది. వెల్లకిల ఈదేవారికి గోడ కనపడదు గనుక గోడకు ఐదు మీటర్ల ముందు, తలపైన, చిన్న చిన్న జెండాల తోరణం కడతారు. పాయల నడుమ తాళ్ళకు గుచ్చిన బిళ్ళలు హద్దు చూపడానికే కాదు. పక్కవాడు లేపిన అలను విరిచి శాంతింపజేయడానికి కూడా.

ఇట్లాంటి కొలనులో తెల్లవారుజామున పెద్దవాళ్ళు ఒక జట్టుగా సాధన చేస్తారు. దీన్ని ప్రపంచమంతటా మాస్టర్స్ ఈత అంటారు. మాస్టర్స్ అంటే బడిపంతుళ్ళు కారు లెండి. ఇరవై ఐదేళ్ళు నిండినవారందరూ అందులో చేరతారు. పోటీలు పెట్టినప్పుడు ఐదేసి ఏళ్ళకు ఒక తరగతిగా విడదీస్తారు. 1908లో ఫీనా అనే పేరుతో పుట్టి ఇప్పుడు వరల్డ్ ఆక్వాటిక్స్ అని పిలిపించుకుంటున్న సంస్థ పాటించే పద్ధతే ఇది. ఎనభై ఏళ్ళవారికీ తొంభై ఏళ్ళవారికీ కూడా అందులో తరగతులున్నాయి.

హిందూపురంలో ఉండే నేను బెంగళూరులో మా అబ్బాయి ఇంటికి పోయినప్పుడల్లా అక్కడి ఒక కొలనులో ఇట్లాంటి జట్టుతో ఈదుతుంటాను. హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం, పొద్దున రైలెక్కితే భోజనాల వేళకు ముందే ఇల్లు చేరవచ్చు. మోకాళ్ళు అరిగినవాడికి నడకకన్నా ఈత మేలని డాక్టరు చెప్పాడు. చిన్ననాడు బావుల్లో నేర్చిన ఈత ఉండనే ఉన్నది. ఆ జట్టులో సగంమంది మాటల్లో తెలుగే వినిపిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి వైపులనుంచి పొట్టచేత పట్టుకుని పోయి స్థిరపడినవాళ్ళు వాళ్ళు. నేను చెప్పబోయే ముచ్చట్లన్నీ వాళ్ళవే, అంటే మనవే.

పాయలో ఇద్దరే ఉంటే చెరో సగం పంచుకోవచ్చు. ముగ్గురైనా అంతకు మించినా చుట్టు తిరగవలసిందే: ఒక తాటి పక్కగా పోవడం, రెండో తాటి పక్కగా రావడం. కుడా ఎడమా అన్నది కొలనునుబట్టి మారుతుంది. అమెరికాలో కుడిచేతి వైపు ఉంచుకుంటారు. ఆస్ట్రేలియాలో ఎక్కువగా ఎడమవైపు. బ్రిటనులో చాలా కొలనుల్లో ఒక పాయ ప్రదక్షిణమైతే దాని పక్క పాయ అప్రదక్షిణం. దానికి కారణమున్నది. అట్లా చేస్తే తాటికి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఒకే దిక్కుగా పోతారు. ఎదురెదురుగా వచ్చి చేతులు తగిలించుకోరు. కాబట్టి దిక్కు విషయంలో శాస్త్రచర్చ అనవసరం. బోర్డు ఏం చెబితే అది, బోర్డు లేకపోతే ముందే ఈదుతున్నవాళ్ళు ఎట్లా తిరుగుతున్నారో అట్లా.

మన ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలు మూడూ ఒకే రైలు దారి మీదివి. ఒంటి పట్టాలున్న రోజుల్లో ప్రయాణం చేసినవారికి ఈ నీతి వేరే చెప్పనక్కరలేదు. మన బండిని స్టేషనులో పక్క పట్టాల మీద నిలబెట్టి, ఎదురుబండి పోయాక గాని వదిలేవారు కారు. వేగంగా పోయే బండి వెనుకనుంచి వస్తున్నా అంతే. ఆగడమైనా, దారి ఇవ్వడమైనా స్టేషనులోనే. నడిదారిలో ఎవరూ ఆగరు, ఎవరూ తప్పుకోరు. ఈతలో ఆ స్టేషను గోడ. ఆగదలచినవాడు గోడదాకా వచ్చి, మూలకు ఒదిగి నిలబడాలి; తిరిగి మళ్ళేవారికి గోడ నడిమి భాగం వదలిపెట్టాలి. నలుగురు గోడకు చేతులు చాచి వరుసగా నిలబడి ఇంటి స్థలాల ధరలు మాట్లాడుకుంటూ ఉంటే, ఐదోవాడు మళ్ళేదెక్కడ?

ఒకరి వెనుక ఒకరు బయలుదేరేటప్పుడు ఐదు క్షణాలో పది క్షణాలో ఎడం పాటించాలి. గోడకు పెద్ద గడియారం తగిలించేది అందుకే. ముందువాడి కాళ్ళ వెంట అంటిపెట్టుకుని ఈదితే వెనుకవాడికి శ్రమ తగ్గుతుంది. నీటిని చీల్చే పని ముందువాడిదైపోతుంది. కనుక ఎప్పుడూ ఒకరినే ముందు పెట్టి వెనుక సుఖపడటం కూడా మర్యాద కాదు, వంతులు మార్చుకోవాలి. కప్ప ఈత ఈదేవారి కాళ్ళు వెడల్పుగా విసురుకుంటాయి, సీతాకోకచిలుక ఈతలో చేతులు పాయంతా పరుచుకుంటాయి. ఎదుటివాడు వస్తున్నప్పుడు ఆ విసురు తగ్గించుకోవాలి. కొత్తగా దిగేవాడు పాయ కొసన మూలలో కూర్చొని, లోపలివారు తనను చూసిందాకా ఆగి, కాళ్ళు ముందుగా జారాలే గాని తలకిందులుగా దూకరాదు. దిగేముందు సబ్బుతో స్నానం చెయ్యాలి. తలకు ఆముదమో కొబ్బరినూనో పట్టించి నేరుగా దిగే మనవారికి ఈ మాట గట్టిగానే చెప్పాలి. కొలను దగ్గర ముక్కుకు ఘాటుగా తగిలే వాసన శుభ్రతకు గుర్తనుకుంటారు చాలామంది. అది క్లోరిన్ మన చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే క్లోరమిన్ల వాసన. ఘాటు ఎక్కువైతే మనుషుల మురికి ఎక్కువైందని అర్థం.

ఇంతవరకు చెప్పినదానితో ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా దాటడం దగ్గర వస్తుంది.

నియమం సులభమైనదే. వెనుకవాడు వేగం కలవాడైతే ముందువాడి అరికాలిని వేలి కొసతో ఒక్కసారి తాకుతాడు. ముందువాడు అక్కడే ఆగడు, వెనుదిరిగి చూడడు. గోడదాకా పోయి, మూలకు తప్పుకుని, వెనుకవాణ్ణి పోనిస్తాడు. అంతే. నడి పాయలో గీత దాటి ముందుకు దూసుకుపోవడం ఎదురుగా ఎవరూ రాకుంటేనే. వస్తున్నవాడి తలకు తల కొట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇంత సులభమైన నియమం మనవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చెల్లకుండా పోతుంది? మొదటి అడ్డు పెద్దరికం.

మా జట్టులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. పెద్ద ఉద్యోగం చేసి విరమించాడు. ఆయన దిగేది ఎప్పుడూ వేగం పాయలోకే. ఈదేది నల్లగీత మీద, నట్టనడుమ, తీరికగా. ఆయన వెనుక నలుగురు యువకులు నీళ్ళలో నిలబడి కాళ్ళాడిస్తూ ఎదురుచూస్తుంటారు. శిక్షకుడు నెమ్మది పాయకు మారమంటే "అక్కడ నాకు గౌరవం లేదు" అన్నాడు. ఆ మాటలో ఆయన తప్పుకన్నా మన పెంపకం తప్పు ఎక్కువ కనబడింది నాకు. పెళ్ళిలో ముందు వరుస కుర్చీ, సభలో వేదిక, బస్సులో ముందు సీటు — చోటును బట్టి గౌరవమని నేర్పాం. పాయల పేర్లు వేగాన్ని చెబుతాయే గాని యోగ్యతను చెప్పవన్న సంగతి ఆయనకు అందలేదు. నెమ్మది పాయ అంటే చివరి బెంచీ కాదు. అక్కడ అరవై ఏళ్ళవాడు తన ఊపిరికి తగినట్టు, ఎవరినీ ఆపకుండా, ఎవరిచేతా తరమబడకుండా ఈదవచ్చు. అంతకన్నా గౌరవమేముంది? నేను ఈదేది ఆ పాయలోనే.

పెద్దరికానికి రెండో ముఖం ఇంకా చిత్రమైనది. పెనుకొండ వైపు బడిలో నా దగ్గర చదువుకున్నవాడొకడు, ఇప్పుడు నలభై దాటినవాడు, ఒక వేసవిలో మా జట్టులో చేరాడు. ఆ రోజు మూడు పాయలే తెరిచారు గనుక ఇద్దరమూ ఒక పాయలో పడ్డాం. వాడు నాకన్నా రెట్టింపు వేగం కలవాడు. అయినా నా వెనుకనే, చేతులు బిగబట్టుకుని, ఏటికి ఎదురీదేవాడిలా వస్తున్నాడు. వాడి వెనుక ముగ్గురు ఇరుక్కుపోయారు. గోడ దగ్గర ఆగి, "ఏమిరా, దాటిపోక ఎందుకట్లా వస్తున్నావు?" అన్నాను. "మిమ్మల్ని దాటిపోవడమా సార్!" అన్నాడు. కాలు తాకి పొమ్మన్నాను. తర్వాతి చుట్టులో తాకాడు. తాకినవాడు ఊరుకోక, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఈత ఆగింది, వెనుకవాడు వచ్చి వాడి నడుముకు గుద్దుకున్నాడు. శిక్షకుడు కన్నడంలో ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయదగినది కాదు.

అందరం నవ్వుకున్నాం. వాడి భక్తిని నేను తప్పుపట్టను. అది వాడి మంచితనం. అయితే ఆ భక్తివల్ల నాకేం మేలు జరిగింది? నా వెనుక ఒక మనిషి తన సాధన చెడగొట్టుకుంటున్నాడన్న బరువు నా మీద పడింది. వాడివల్ల ఇంకో ముగ్గురికి పొద్దు వృథా అయింది. శిష్యుడు దాటిపోతే గురువు గెలిచినట్టేనని బళ్ళో ఉపన్యాసాలిస్తాం. కొలనులో ఆ మాటను నిజం చేసే అవకాశం వస్తే చేతులు ముడుచుకుంటాం. గట్టుమీద నమస్కారం పెట్టు, కాదనను. నీళ్ళలో మాత్రం కాలు తాకి దాటిపో. అదే నాకు నువ్విచ్చే గౌరవం.

రెండో అడ్డు మగతనం. నెమ్మది పాయలో నా పక్కన ఈదే ఒక ఇల్లాలు ఆరు నెలల్లో మధ్య పాయకు, ఏడాదిలో వేగం పాయకు ఎదిగింది. ఆమె కాలు తాకితే మగవాళ్ళలో కొందరు తప్పుకోరు. తప్పుకోకపోగా, అప్పటిదాకా నింపాదిగా ఈదుతున్నవారు ఒక్కసారిగా నీళ్ళు చిందరవందర చేస్తూ పరుగందుకుంటారు. ఆ పరుగు పాతిక మీటర్లకు మించి నిలవదు. గోడ దగ్గర రొప్పుతూ అడ్డంగా నిలబడతారు. 2021 మార్చిలో మన తెలుగు ఈతగత్తె గోలి శ్యామల శ్రీలంకనుంచి మన దేశానికి పాక్ జలసంధిని ఈది వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. సముద్రం ఆమెకు దారి ఇచ్చింది. మన మగవాళ్ళు ఒక పాయలో మూల ఇవ్వలేకపోతున్నారు.

ఆడవారి విషయంలో ఇంకొక చిక్కున్నది, దాన్ని దాచడం మంచిది కాదు. తాకడం అనే నియమాన్ని దుర్వినియోగం చేసేవాడూ ఉంటాడు. కనుక నియమాన్ని తూచి చెప్పాలి: తాకవలసింది అరికాలు, వేలి కొసతో, ఒక్కసారి. పిక్కా మడమా పట్టుకోవడం నియమం కాదు, నేరం. తాకడమూ తాకించుకోవడమూ ఇష్టంలేనివారు గోడ దగ్గర "నేను ముందు పోనా?" అని అడిగి పోవచ్చు. ఆ అడిగే హక్కు, ఇచ్చే మర్యాద రెండూ ఉంటే వేరే వేళలు పెట్టి ఆడవారిని మధ్యాహ్నపు ఎండకు నెట్టే పద్ధతికి అవసరం తగ్గుతుంది.

మూడో అడ్డు కులం. ఇది చెప్పకుండా పై రెండూ చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

మేం ఈత నేర్చినది కపిల బావుల్లో. కపిల పోయి కరెంటు మోటారు వస్తున్న రోజులవి. నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి అన్నలు నీళ్ళలోకి తోసేవారు. అక్కడా నియమాలుండేవి. దూకేముందు కిందికి చూసి కేక వెయ్యాలి. కొత్తవాడు మెట్ల పక్కనే ఉండాలి. మునుగుతున్నవాణ్ణి ముందునుంచి పట్టుకోరాదు, జుట్టు పట్టి లాగాలి. ఎవరూ రాయని ఆ నియమాలను ఎవరూ మీరేవారు కారు. అయితే వాటన్నిటికన్నా పాతదైన నియమం ఇంకొకటుండేది. బళ్ళో నాతో ఒకే చాప మీద కూర్చున్న ఒక పిల్లవాడు ఆ బావి గట్టున నిలబడి చూసేవాడు, దిగేవాడు కాదు. వాణ్ణి ఆ పూట ఎవరూ వద్దనలేదు. వద్దనవలసిన పని లేకుండా ఊరు ముందే వాడికి నేర్పి ఉంచింది. బావి మాత్రం అందరికీ ఒకే లోతు.

1927 మార్చి 20న అంబేడ్కర్ మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగడానికి వేలమందిని వెంటబెట్టుకు నడవవలసి వచ్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో బావులను, చెరువులను, స్నానఘట్టాలను పేరుపెట్టి చెప్పింది. ప్రభుత్వ ధనంతో నడిచే, లేదా ప్రజలందరి వాడకానికి అంకితమైన అట్లాంటి చోట్లకు మతం, కులం, జాతి, లింగం, పుట్టినచోటు చూపి ఎవరినీ రానివ్వకపోవడం కుదరదన్నది. రాజ్యాంగం అంత పెద్ద పుస్తకంలో బావి మాట ఎందుకు రాయవలసి వచ్చిందో మన ఊళ్ళలో పెరిగినవారికి తెలుసు. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. 1964 జూన్ 18న అమెరికాలో, ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో, తెల్లవారూ నల్లవారూ కలిసి ఒక హోటలు ఈతకొలనులో దిగితే వారిని వెళ్ళగొట్టడానికి దాని యజమాని ఆ నీళ్ళలో ఆమ్లం పోశాడు. మనిషి కలిసి నడవడానికి ఒప్పుకున్న తర్వాత కూడా కలిసి తడవడానికి చాలాకాలం ఒప్పుకోడు.

మా బెంగళూరు కొలనులో ఆమ్లం పోసేవారు లేరు. అయితే గోడ దగ్గర ఆగినప్పుడు కొత్తగా వచ్చినవాణ్ణి ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, అప్పటికీ తేలకపోతే "మీరేంటోళ్ళు?" అని అడిగేవారున్నారు. అడిగించుకున్నవాడు తలమీది టోపీ సర్దుకుంటూ, జవాబు చెప్పకుండా గోడను తన్ని ముందుకు పోవడం చూశాను. తర్వాత రెండు వారాలు అతడు పక్క పాయలో ఈదాడు. పక్క పాయలోని నీరూ ఇదే నీరని ఆ అడిగినవారికి తెలియదా? తెలుసు. తెలిసే అడిగారు.

అందుకే ఆ కాలు తాకే నియమం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. మన మర్యాదలో ఒకరి కాలు తగిలితే అపచారం, ఒకరి కాలు మొక్కితే భక్తి. మన చరిత్రలో కొందరి నీడ తగిలితే మైల. "అంటు" అనే మన మాటనే చూడండి. అంటుకోవడం అంటే తగులుకోవడం. అంటుగట్టడం అంటే రెండు చెట్లను ఒకటి చెయ్యడం. అంటు అంటే మైల కూడా. ఒక మాటలో ఇంత మేలు, ఇంత కీడు పెట్టుకున్న జాతి మనది. పాయలో ఆ తాకుడుకు భక్తీ లేదు, మైలా లేదు. అది ఒక మాట, అంతే. "నేను వెనుక ఉన్నాను, నాకు తొందర ఉన్నది" అన్నమాట. కలెక్టరు కాలును కూలివాని కొడుకు తాకవచ్చు, తాకితే కలెక్టరు మూలకు తప్పుకోవాలి. రేపు ఆ కొడుకు కాలును వేరొకరు తాకితే అతడూ తప్పుకోవాలి. ఎవరూ శాశ్వతంగా ముందుండరు. ఇంత నిరాడంబరమైన సమానత్వం నాకు ఏ సభలోనూ కనపడలేదు.

ఇవన్నీ పరాయి దేశపు పద్ధతులు, మనకెందుకని ఒక మిత్రుడన్నాడు. పద్ధతి పుట్టిన చోటు పరాయిదే కావచ్చు. నీటిని వంతు ప్రకారం పంచుకోవడం మాత్రం మన రాయలసీమకు కొత్తది కాదు. చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో నీరుగంటి చూసేవాడు. నీరు తక్కువైన ఏడు అతని మాటకు విలువ ఇంకా పెరిగేది. తూము దగ్గర ఉన్న పెద్దరైతు తన వంతు కాని వేళ మడవ తిప్పుకుంటే ఊరు ఊరుకునేది కాదని మా తాతలు చెప్పేవారు. ధర్మవరం మగ్గంలో పడుగు పోగులు వేలకొద్దీ ఉంటాయి, దేని చోటు దానిది. ఒక్క పోగు పక్కదాని మీదికెక్కితే చీరలో తప్పు పడుతుంది. వంతు మనకు తెలుసు, చోటు మనకు తెలుసు. వంతును పుట్టుకతో ముడివెయ్యకుండా ఉండటమొక్కటే మనం కొత్తగా నేర్వవలసింది.

ఇదంతా బెంగళూరులో చెప్పుకుని సరిపెట్టుకునే మాట కాదు. మన వైపూ రోజులు మారుతున్నాయి. కృష్ణా నీరు హంద్రీ-నీవా కాలువ వెంట పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి వచ్చింది. 2019నుంచి ఎర్రమంచిలో కార్లు తయారవుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో మన మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. పెద్ద ఊళ్ళలో ఉన్నట్టే ఇక్కడా పాయలున్న కొలనులు ఏదో ఒకనాడు వస్తాయి, రావాలి కూడా. ప్రతి వేసవిలో చెరువుల్లో, కుంటల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పెద్దలకు ఈత వస్తే గాని పిల్లలకు రాదు. కొలను కట్టేవారు పలకల రంగు, దీపాల కాంతి గురించి ఆలోచించే ముందు, గోడమీద తెలుగులో ఒక బోర్డు రాయించాలని నా కోరిక. దాని మీద ఈ మాటలుంటే చాలు:

స్నానం చేసి దిగండి.

పాయను ఇవాళ్టి మీ వేగాన్నిబట్టి ఎంచుకోండి. వయసునుబట్టి, హోదానుబట్టి కాదు.

దిగేముందు లోపలివారికి కనపడండి. దూకకండి.

ముగ్గురైతే చుట్టు తిరగండి. బాణం గుర్తు చూపిన దిక్కునే పొండి.

ఐదు క్షణాల ఎడం ఇవ్వండి.

ఆగితే మూలకు ఒదగండి. గోడ నడుమ ఖాళీ ఉంచండి.

దాటదలిస్తే అరికాలు ఒక్కసారి తాకండి, లేదా గోడ దగ్గర అడగండి.

కాలు తాకితే గోడ దగ్గర దారి ఇవ్వండి. ఎవరు తాకారని చూడకండి.

ఈ ఎనిమిదింటిలో చివరిదాని చివరి మాటే నేను చెప్పదలచినదంతా. మిగిలినవాటిని శిక్షకుడు నేర్పగలడు, దాన్ని మనకు మనమే నేర్చుకోవాలి.

"పాయ" అనే మాట మీద అభ్యంతరమున్నవారు, ఇంతకన్నా మంచి మాట ఎరిగినవారు తప్పక తెలుపగలరు. నదుల ఒడ్డున పెరిగిన గోదావరి, కృష్ణా జిల్లాల మిత్రుల దగ్గర ఈతకు సంబంధించిన మాటలు మాకన్నా ఎక్కువ ఉండాలి. వాటిని మాకూ పంచండి. నీళ్ళు ఎటూ మీకే ఎక్కువ, మాటలైనా ఇటు వదలండి.